ఎత్తగా మిగిలింది

మూడో అంతస్తు. కిటికీ అవతల యారాడ కొండ
వానలో సగం చెరిగిపోయి ఉంది.
లోపల నేను గొట్టాలు బిగిస్తున్నాను.
ఒకటి ఆయన మెడ దగ్గర బయల్దేరుతుంది,
ఇంకొకటి అక్కడికే తిరిగొస్తుంది.
మధ్యలో నా యంత్రం, బీరువాలో సగం ఎత్తు,
నుదుటి మీద పసుపు చీటీ: ప్రయోగదశలో ఉన్నది.

బొడ్డేటి గౌరీసు, అరవై మూడేళ్లు.
స్టీలు ప్లాంటు తుక్కు యార్డులో
ముప్పై ఒక్క ఏళ్లు క్రేను మీద.
సంతకానికి ముందు తొమ్మిది పేజీలూ చదివాడు,
చదివి ఒక్కటే అడిగాడు:
"అయస్కాంతమా? ఏ సైజు?"

చూపించాను. తమలపాకంత.
నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"నాను తిప్పింది బండి చక్రమంతుండీదమ్మా.
ఒక్క పట్టుకి రెండు టన్నులు.
ఓపాలి మా అప్పలనర్సయ్య కేరేజీ కూడా
లేసెల్లిపోనాది, చారుతో సహా."

పంపు తిరగడం మొదలైంది.
బయటికొచ్చిన నెత్తురులో
కంటికి ఆనని ఇనుప నలుసులు కలుపుతాం.
ఒక్కో నలుసుకీ ఒక కొక్కెం,
ఆ కొక్కెం చెడ్డ కణం చొక్కాకే తగులుకుంటుంది.
ఆ తర్వాత అయస్కాంతం.
మిగతా నెత్తురు తన దారిన తాను
వెచ్చబడి ఇంటికెళ్తుంది.

"నెత్తుట్లోనూ ఇనుముంటాదంటారు గదా,
మంచిదాన్ని కూడా లాగీదా?"
ఎమ్మెస్సీ వైవాలో ఎవరూ అడగలేదు నన్నిలా.
ఆ ఇనుము వేరండీ, అన్నాను,
దానికి ఊపిరి మొయ్యడమే తెలుసు,
అయస్కాంతం పిలిస్తే పలకదు.
కళ్లు మూసుకుని తలూపాడు,
పలకనిదాని మీద గౌరవంతో.

నాలుగు కావస్తుండగా లైటు రెప్ప వేసింది.
మంచం ఊచ పట్టేసుకున్నాడు.
"కరెంటు పోతే పట్టిందంతా
దబ్బున కింద పడిపోద్ది గదమ్మా!
హుద్‌హుద్‌ ముందు రోజు గొలుసులేసి దిగినాను.
వారం దినాలు ఎత్తడానికేటీ నేక
సేతులు ఒట్టినే ఊగీవి."
పంపు బ్యాటరీ మీద గొణుగుతూనే ఉంది.
ఇది కరెంటు అయస్కాంతం కాదండీ, అన్నాను,
పట్టిందంటే పట్టిందే.
ఊచ మాత్రం వదల్లేదు.

నాలుగు గంటల నెత్తురు.
ఎస్తేరు సిస్టరు రిజిస్టర్లో రాసింది: పదిహేడు.
చూస్తానన్నాడు. చూపించకూడదన్న రూలు
ఏ పేజీలోనూ లేదు, చూపించాను.
చీకటి మధ్య ఆకుపచ్చ చుక్కలు.
కన్ను తియ్యకుండా చాలాసేపు చూసి
"అందంగానే వున్నాయెదవలు" అన్నాడు.
కాసేపటికి, అదే గొంతుతో,
"జారిపోనివెన్ని?"

రిజిస్టర్లో దానికి గడి లేదు.
నా గొంతులో మాత్రం ఒక అంకె ఉంది,
శాతంలో, దశాంశ బిందువుతో సహా.
దస్తానాలు విప్పుతూ
విప్పడానికి కావలసినదానికంటే ఎక్కువసేపు తీసుకున్నాను.
ఆయనే అందుకున్నాడు:
"ఎంతెత్తినా నేల మీద పొట్టు మిగిలిపోద్దమ్మా.
పొద్దున్నే చీపురట్టుకుని పైడితల్లొచ్చీది.
దానికి జీతం నాకన్నా తక్కువ.
అది రాని రోజున
లారీల టైర్లన్నీ పంచర్లే."

వచ్చే మంగళవారం మళ్లీ రమ్మన్నాం.
పదిహేడింటినీ పసుపు సంచిలో వేసి మూతి కట్టాను.
ఆయన లుంగీ సర్దుకుని, లిఫ్టు వద్దని,
మెట్ల దారి పట్టాడు.

గదిలో ఒక్కదాన్నే.
కిటికీ లోపలి గట్టు మీద
రోజూ తుడిచినా పేరుకునే పోర్టు దుమ్ము,
కొంత ఎరుపు, కొంత నలుపు.
కాగితం మీదికి దులిపి
అడుగున తమలపాకంత అయస్కాంతం పెట్టి చూశాను.
కొంత లేచి నిలబడింది.
కొంత కదల్లేదు.